సిస్టమ్‌లో సరుకు ఉంది, లైన్ దగ్గర లేదు: తేడా ఎక్కడ కొడుతోంది?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. మీరు మోనోబ్లాక్ పంపులు తయారుచేసే యూనిట్‌లో స్టోర్స్ ఇన్‌చార్జి. ఆరు నెలల కిందట పాత పద్ధతి తీసేసి కంపెనీ లెక్కలన్నీ నడిపే శాప్ ఎస్4 హానా సాఫ్ట్‌వేర్, దాంతోపాటు గోడౌన్ కోసం అందులోనే ఉండే ఈడబ్ల్యూఎం అనే భాగం పెట్టారు. ప్రొడక్షన్ ఆర్డర్ రిలీజ్ అవుతోంది, స్టాక్ ఉన్నట్టే చూపిస్తోంది. అయినా లైన్ సూపర్‌వైజర్ రోజుకు నాలుగుసార్లు ఫోన్ చేసి ‘బేరింగులు రాలేదు, వైరు రాలేదు’ అంటున్నారు. నెలాఖరుకు కోగీలో, అంటే సిస్టమ్ రాయలేక ఆపేసిన ఎంట్రీల జాబితాలో, మూడు వందల పైచిలుకు ఎంట్రీలు పేరుకుపోతున్నాయి. నెగెటివ్ స్టాక్, అంటే లేని సరుకును కూడా మైనస్‌లో ఖర్చు రాయడం, అనుమతిస్తే ఈ తలనొప్పి పోతుందని కన్సల్టెంటు అంటున్నాడు. అనుమతించాలా వద్దా అని అడిగారు.

వద్దు. ఎందుకు వద్దో తర్వాత చెబుతాను. అసలు జబ్బు వేరే చోట ఉంది.

నేను బాలానగర్‌లో రాక్‌కు కట్టిన అట్ట మీద స్టాక్ రాసుకునే బిన్ కార్డుల కాలంలో స్టోర్స్ అసిస్టెంటుగా చేరాను. తర్వాత శాప్‌లో సరుకుల భాగం ఎంఎం, పాత గోడౌన్ భాగం డబ్ల్యూఎం, ఇప్పుడు ఈడబ్ల్యూఎం. ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. మీరు చెప్పిన ఫిర్యాదు ఇంచుమించు ఇదే మాటల్లో చాలాచోట్ల విన్నాను. ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఒక్కటే: సిస్టమ్ ‘ఉంది’ అన్నప్పుడు ఆ ‘ఉంది’కి అర్థం ఏమిటి?

మీ బేరింగులే తీసుకుందాం. 200 పంపుల ఆర్డరుకు పంపుకు రెండు చొప్పున 400 బేరింగులు కావాలి. స్క్రీన్ మీద 1,180 కనిపిస్తోంది, ప్లానింగ్ వాళ్లు ధైర్యంగా ఆర్డర్ రిలీజ్ చేశారు. ఆ 1,180లో నిన్న వచ్చిన 600 ఇంకా క్యూసీ హోల్డ్‌లో, అంటే నాణ్యత తనిఖీ కోసం ఆపి, ఉన్నాయనుకోండి. ఇంకో 320 వేరే ఆర్డర్లకు రిజర్వ్ అయ్యాయనుకోండి. మిగిలేది 260. అంటే 400 కావాల్సిన చోట 140 తక్కువ. ఇది సాఫ్ట్‌వేర్ దాచిన సంగతి కాదు, మనం చూడాల్సిన కాలమ్ చూడలేదు. ఆర్డర్ రిలీజ్ చేసేటప్పుడు అవైలబిలిటీ చెక్ నడుస్తుంది. కానీ చాలా యూనిట్లలో అది హెచ్చరిక చూపించి వదిలేసేలా సెట్ చేసి ఉంటుంది. ప్లానర్ ఆ హెచ్చరికను సెల్‌ఫోన్‌లో ప్రకటనలాగా పక్కకు నెట్టేస్తాడు. బేరింగులు, మెకానికల్ సీలు, స్టాంపింగుల లాంటి ముఖ్యమైన భాగాలకైనా సరే, తక్కువుంటే రిలీజ్ ఆగిపోయేలా పెట్టించండి. స్క్రూలకూ వాషర్లకూ అక్కర్లేదు.

ఇది తేలికైన కేసు. మీ దగ్గర నడుస్తున్నది దీనికంటే కాస్త లోతైనదని నా అనుమానం.

గోడౌన్ నుంచి లైనుకు సరుకు వెళ్లడంలో నిజానికి రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఒకటి, రాక్‌లోంచి తీసి లైన్ పక్కన పెట్టడం. దీన్నే స్టేజింగ్ అంటాం. లైన్ పక్కన పెట్టే ఆ చోటే ప్రొడక్షన్ సప్లై ఏరియా. అక్కడికి వచ్చినంత మాత్రాన సరుకు ఖర్చయినట్టు కాదు, చోటు మారిందంతే. రెండోది, ఆ సరుకు పంపులో బిగించాక ఆర్డర్ ఖాతాలో ఖర్చు రాయడం. ‘టూ సిక్స్ వన్ కొట్టావా’ అని అడుగుతామే, ఆ 261 మూవ్‌మెంటు అదే. పాత ఇండెంటు పుస్తకం రోజుల్లో ఈ రెండూ ఒక్కటే. స్లిప్ మీద సంతకం పెట్టి సరుకు ఇచ్చేస్తే స్టోర్స్ పని అయిపోయినట్టే. మీ వాళ్ల బుర్రలో ఇంకా ఆ స్లిప్పే ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ మాత్రం రెండూ వేర్వేరుగా, జరిగిన వెంటనే చెప్పమంటుంది.

చెప్పకపోతే ఏమవుతుందో చూడండి. మీ లైన్‌లో బ్యాక్‌ఫ్లష్ పెట్టారని రాశారు. అంటే ఇన్ని పంపులు పూర్తయ్యాయని కన్ఫర్మేషన్ కొట్టగానే, బీఓఎం ప్రకారం, అంటే ఒక్కో పంపుకు ఏ భాగం ఎంతో రాసిన జాబితా ప్రకారం, ఎంత సరుకు పట్టాలో అంత సిస్టమ్ తనంతట తనే ఖర్చు రాస్తుంది. మంచి సౌకర్యమే. కానీ ఆ కన్ఫర్మేషన్ ఎప్పుడు కొడుతున్నారు? చాలాచోట్ల సూపర్‌వైజర్ కాగితం మీద రాసుకుంటాడు, సాయంత్రం ఆరింటికి డేటా ఎంట్రీ అబ్బాయి కూర్చుని మొత్తం ఒకేసారి కొడతాడు. పొద్దున లైన్ పక్కకు వచ్చిన 100 బేరింగులు మధ్యాహ్నం రెండింటికే అయిపోతాయి, సిస్టమ్ దృష్టిలో మాత్రం ఆరింటి దాకా 100 అలాగే ఉంటాయి. సప్లై ఏరియాలో కనీస మట్టం కంటే తగ్గితే నింపమని మీరు పెట్టిన ఆటోమేటిక్ రీప్లెనిష్‌మెంట్ ఎలా కదులుతుంది? దాని లెక్కలో తగ్గనే లేదు. లైన్ ఆగింది, స్క్రీన్ పచ్చగా ఉంది. మీరు స్టోర్స్ వాళ్లను తిడుతున్నారు, వాళ్లు సిస్టమ్‌ను తిడుతున్నారు.

కాబట్టి లైన్‌లో కన్ఫర్మేషన్ రెండు గంటలకోసారైనా పడాలి. దీనికి ప్రతి కుర్చీకీ కంప్యూటర్ అక్కర్లేదు. టెస్టింగ్ బెంచ్ దగ్గర ఒక స్కానర్ పెట్టి, టెస్ట్ పాసైన ప్రతి ట్రాలీకి ఒకసారి కొట్టిస్తే చాలు. పంపు ఎలాగూ టెస్టింగ్ దాటకుండా ప్యాకింగుకు పోదు, అక్కడ తప్పించుకునే వీలుండదు.

దీనికి అద్దం లాంటి తప్పు గోడౌన్ వైపు కూడా ఉంటుంది. చర్లపల్లిలో ఒక యూనిట్‌లో ఇదే ఫిర్యాదు మీద వెళ్లినప్పుడు నేను కంప్యూటర్ ముట్టుకోలేదు. ఒక షిఫ్టంతా నోట్‌బుక్ పట్టుకుని రాకుల మధ్య తిరిగాను. పికింగ్ చేసే కుర్రాడు చాలా చురుకు, ట్రాలీ తోస్తూ పరుగులు పెడుతున్నాడు. టీ టైమ్‌లో మాత్రం ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడి మూడు నిమిషాల్లో పద్నాలుగు టాస్కులు వరసగా కన్ఫర్మ్ చేశాడు. వాటిలో ఆరు అతను ఇంకా రాక్‌లోంచి తీయనే లేదు. అడిగితే సిగ్గుపడుతూ చెప్పాడు: “వెనక రాకుల దగ్గర వైఫై రాదు సార్. ఇక్కడైతే వస్తది. మర్చిపోతానని ముందే కొట్టేస్తున్న.” తప్పు అతనిది కాదు. ఐదో రాక్ దగ్గర ఒక యాక్సెస్ పాయింటు బిగించాక ఆ యూనిట్‌లో సగం గొడవలు చల్లబడ్డాయి. మీరూ ముందు స్కానర్ చేతిలో పట్టుకుని ఆ మూలలన్నీ నడిచి రండి. కన్సల్టెంటు బిల్లు కంటే చవక.

ఇక సరుకు ఎలా పంపాలనేది. మీరు అన్ని ఐటెములకూ ఒకే పద్ధతి పెట్టించారని అర్థమైంది, ఆర్డర్‌వారీగా అన్నీ లెక్కపెట్టి పంపడం. ఇది కొత్తగా పెట్టినవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు. ఆర్డరుకు 1,600 స్క్రూలు కావాలంటే ఒక మనిషి కూర్చుని 1,600 లెక్కపెడుతున్నాడు! స్క్రూ ఖరీదు కంటే లెక్కపెట్టిన కూలి ఎక్కువ. చిల్లర సామానుకు రెండు డబ్బాల పద్ధతి పెట్టండి. ఒక డబ్బా లైన్‌లో వాడకంలో ఉంటుంది, దాని వెనక ఇంకోటి నిండుగా ఉంటుంది. ముందుది ఖాళీ అవగానే దాని మీది కార్డు స్కాన్ చేస్తారు, గోడౌన్ నిండు డబ్బా పంపుతుంది. రోజుకు 60 పంపులు, పంపుకు 8 స్క్రూలు అంటే 480. వెయ్యి పట్టే డబ్బా రెండు రోజులు వస్తుంది. నింపడానికి అర షిఫ్టు పట్టినా కంగారు లేదు. టయోటాలో తైచి ఓనో అమెరికా సూపర్ మార్కెట్ల సంగతి గమనించి నడిపించిన కాన్‌బాన్ ఇదే. మన కిరాణా కొట్లో పప్పు డబ్బా అడుగు కనిపించగానే కొత్త బస్తా విప్పే ఆసామి కూడా ఇదే చేస్తాడనుకోండి, పేరు పెట్టలేదంతే.

ఇలా ఒక ఆర్డరుతో ముడిపెట్టకుండా పంపేదాన్ని ఈడబ్ల్యూఎంలో క్రాస్ ఆర్డర్ స్టేజింగ్ అంటారు. ఒక ఆర్డరుకే కట్టి పంపేది సింగిల్ ఆర్డర్ స్టేజింగ్. అందులో ప్రొడక్షన్ ఆర్డర్ రిలీజ్ కాగానే గోడౌన్ వైపు ప్రొడక్షన్ మెటీరియల్ రిక్వెస్ట్ అనే పత్రం పుడుతుంది, పికింగ్ టాస్కులు దాని మీదే నడుస్తాయి. మోడల్‌ను బట్టి మారే ఇంపెల్లరు, నేమ్‌ప్లేటు, కెపాసిటర్ లాంటివి సింగిల్ ఆర్డర్. అన్ని మోడళ్లకూ పడే నట్లు, గ్రీజు, అట్టపెట్టె టేపు క్రాస్ ఆర్డర్. బేరింగు రెంటికీ మధ్యలో ఉంటుంది. నేనైతే పూర్తి పెట్టెలుగా క్రాస్ ఆర్డర్‌లోనే పంపుతాను, ఎందుకంటే విప్పిన పెట్టెలోని బేరింగు దుమ్ము పట్టి టెస్టింగ్‌లో శబ్దం చేస్తుంది. ఏ ఐటెమ్ ఏ లైన్ దగ్గర ఏ పద్ధతిలో వెళ్లాలనేది కంట్రోల్ సైకిల్‌లో రాసి ఉంటుంది. మీ కన్సల్టెంటుతో కూర్చుని మొదట యాభై ఐటెములకు అది సరిచేయించండి. మిగతావి నెమ్మదిగా.

అన్నిటికంటే పెద్ద చిక్కు రాగి వైండింగ్ వైరు. మీరు దాన్ని కూడా బ్యాక్‌ఫ్లష్‌లో పెట్టారని చదివి ఉలిక్కిపడ్డాను.

లెక్క చూడండి. ఉదాహరణకు పంపుకు 1.4 కిలోలు అనుకుందాం. 200 పంపులకు 280. బీఓఎంలో రెండు శాతం తరుగు కలిపితే 285.6 కిలోలు. మీరు ఒక్కోటి 25 కిలోల రీళ్లు 12 పంపారు, 300 కిలోలు. ఆర్డర్ అయిపోయాక సిస్టమ్ లెక్కలో లైన్ పక్కన 14.4 కిలోలు మిగలాలి. వెళ్లి కాటా వేస్తే 9 కిలోలే ఉంది. 5.4 కిలోలు ఎటు పోయాయి? దొంగతనం అని ఎవరి మీదా పడకండి. వైండింగ్ సెక్షన్‌లో అరగంట కూర్చోండి. సర్జ్ టెస్ట్‌లో (చుట్ల ఇన్సులేషన్ పరీక్ష) ఫెయిలైన స్టేటర్ కాయిల్ కోసేసి, కొత్త వైరుతో మళ్లీ చుడుతున్నారు. ఆ పంపుకు రెండుసార్లు రాగి పట్టింది, బీఓఎంకు మాత్రం ఒక్కసారే తెలుసు. కోసిన రాగి మూలన గోనెసంచిలో పడుంది. నెలకు ఇలాంటివి పది ఆర్డర్లు నడిస్తే 54 కిలోలు. రాగి కిలో ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు.

అందుకని రాగికి బ్యాక్‌ఫ్లష్ తీసేయించండి. వైరు రీలు రీలుగా పోవాలి. ప్రతి రీలుకూ హ్యాండ్లింగ్ యూనిట్ లేబుల్ (ఆ రీలును విడిగా గుర్తుపట్టే నంబరు), దాని మీద నికర బరువు, ఖాళీ స్పూలు బరువు రెండూ ఉండాలి. 25 కిలోలు అని రాసిన రీలు కాటా మీద 24.6 ఉండడం మామూలే, కాబట్టి సప్లయర్ లేబుల్ నమ్మకుండా సరుకు అందినట్టు రాసే జీఆర్‌ఎన్ దగ్గరే తూయండి. ఆర్డర్ ముగిశాక సగం వాడిన రీలును మళ్లీ తూచి, ఖాళీ స్పూలు బరువు తీసేసి, వాడినంత 261 కొట్టాలి. కోసిన కాయిల్ తుక్కు కూడా కాటా ఎక్కి, దాని పేరున స్టాక్‌లోకి రావాలి. 531 మూవ్‌మెంటు అందుకే ఉంది. ఒక మనిషికి రోజుకు అరగంట పని పెరుగుతుంది. పెరగనివ్వండి. వార్నిషు, స్లీవులు, దారం మాత్రం బ్యాక్‌ఫ్లష్‌లోనే ఉంచండి, వాటి వెనక పడితే జీవితం చాలదు.

ఇప్పుడు కోగీ. బ్యాక్‌ఫ్లష్ ఖర్చు రాయబోతే లైన్ చోట స్టాక్ లేదనో, బ్యాచ్ దొరకలేదనో, లాక్ అయిందనో ఆగిపోయిన ఎంట్రీలన్నీ వచ్చి పడే చోటు అది. మీరు దాన్ని నెలాఖరున తెరుస్తున్నారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు ఉంటుంది ఆ పని. ఎందుకు ఆగిందో అప్పటికి ఎవరికీ గుర్తుండదు. పైగా అకౌంట్స్ వాళ్లు పీరియడ్ మూసేశాక పాత తేదీతో పోస్టింగ్ పడదు. రోజూ సాయంత్రం ఐదింటికి ఒకే మనిషి దాన్ని తెరవాలి. ఎర్ర ఎంట్రీని తుడిచెయ్యకూడదు. పక్కనే ఒక కాలమ్‌లో కారణం రాయాలి: స్టేజింగ్ పడలేదు, కన్ఫర్మ్ ఆలస్యం, బీఓఎం తప్పు, వేరే చోట స్టాక్ ఉంది. రెండు వారాలు రాస్తే ఒకే మూడు నాలుగు ఐటెములు మళ్లీ మళ్లీ వస్తున్నాయని మీకే కనిపిస్తుంది. నేను చూసిన ఒక చోట కోగీలో సగం ఎంట్రీలు ఒక్క టెర్మినల్ బాక్స్ వల్లే. డిజైన్ వాళ్లు పార్ట్ మార్చారు, బీఓఎం మార్చలేదు. లైన్‌లో కొత్తది బిగిస్తున్నారు, సిస్టమ్ పాతది వెతుకుతోంది.

నెగెటివ్ స్టాక్ సంగతి. అది పెడితే కోగీ ఖాళీ అవుతుంది, నిజమే. జ్వరం వస్తే థర్మామీటర్ విరగ్గొట్టినట్టు. ఒక యూనిట్‌లో, పేరు చెప్పను, ఎండాకాలం గిరాకీ తట్టుకోలేక ‘ఒక్క నెల’ అని అనుమతించారు. ఆ నెలలోనే ఒక సైజు బేరింగు మైనస్ రెండు వేల పైకి పోయింది. నిజానికి లైన్‌లో సరుకు ఉంది, స్టేజింగ్ ఎంట్రీ మాత్రం పడలేదు. ఏది ఎంత కొనాలో లెక్కగట్టే రాత్రి ఎంఆర్‌పీ రన్ ఆ మైనస్‌ను కొరత అనుకుని కొనుగోలు రిక్వెస్టు తయారుచేసింది. పర్చేజ్ వాళ్లు మంచివాళ్లు, వెంటనే కొనేశారు. అక్కర్లేని బేరింగులు రెండేళ్లు రాక్‌లో కూర్చున్నాయి. మూవింగ్ యావరేజ్ ధర (ప్రతి కొనుగోలుతో మారే సగటు ధర) నడిచే ఐటెమైతే విలువ కూడా వంకర తిరుగుతుంది, ఆడిటర్‌కు జవాబు చెప్పేది మీరే. కన్సల్టెంటు అప్పటికి వేరే ప్రాజెక్టులో ఉంటాడు.

మీరు అడగలేదు గానీ, పాత ఆర్డర్ల సంగతి కూడా చూడండి. 200లో 197 పంపులు అయ్యాయి, మూడు క్యాస్టింగ్ పగిలి ఆగిపోయాయి. ఆర్డర్ అలాగే వదిలేశారు. ఆ మూడింటి తాలూకు రిజర్వేషన్ బతికే ఉంటుంది, ఆరు బేరింగులు కాగితం మీద బందీ. ఇలాంటి ఆర్డర్లు యాభై పైచిలుకు పోగైతే మొదట చెప్పిన ‘రిజర్వ్ అయిన 320’ ఎక్కడినుంచి వచ్చిందో అర్థమవుతుంది. ఇక తయారు కాదని తేలిన ఆర్డరును వెంటనే టెకో చెయ్యాలి, అంటే సిస్టమ్‌లో పని ముగిసినట్టు మూసెయ్యాలి. గోడౌన్ వైపు దాని మెటీరియల్ రిక్వెస్ట్ కూడా మూతపడిందో లేదో చూడాలి. లైన్ పక్కన మిగిలిన సరుకును మాత్రం టెకో కంటే ముందే తేల్చుకోండి, తర్వాత అది ఏ ఆర్డరుదో ఎవరికీ పట్టదు.

మధ్యలో ఆర్డర్ తగ్గినప్పుడూ ఇదే పేచీ. 200 అని స్టేజ్ చేశాక సేల్స్ వాళ్లు 150 చాలన్నారు. మిగిలిన 50 పంపుల సరుకు లైన్ పక్కన ఉంది. తర్వాతి ఆర్డర్ అదే మోడలైతే వెనక్కి మోయించకండి. కానీ సింగిల్ ఆర్డర్‌లో పంపినవి ఆ ఆర్డరుకే కట్టి ఉంటాయి, చూస్తూ చూస్తూ పక్క ఆర్డరుకు వాడితే సిస్టమ్ ఒప్పుకోదు. ముందు ఆ ముడి విప్పాలి. విప్పకుండా వాడేస్తే రేపటి కోగీ ఎంట్రీ అదే.

అదనంగా అడిగే సరుకు గురించి ఒక్క మాట. లైన్‌లో సీలు పగిలితే, కుర్రాడొచ్చి “అన్నా, రెండు సీళ్లియ్యి” అంటే మీ వాళ్లు ఇచ్చేస్తారు. ఇవ్వాలి కూడా, రెండు సీళ్ల కోసం లైన్ ఆపడం పాపం. అయితే పగిలిన రెండూ తెచ్చి ఇక్కడ పెట్టమనండి. స్కానర్‌లో కారణం కోడ్‌తో ఆర్డర్ మీద అదనపు ఇష్యూ కొట్టండి. పగిలినవి చూపించే అలవాటు పడితే అడగడం తగ్గుతుంది, ఇది నేను గ్యారంటీగా చెప్పగలను.

మీ లాంటి యూనిట్‌కు ఇంత పెద్ద సాఫ్ట్‌వేర్ కావాలా అని ఇంకొకరు మీ ప్రశ్న కింద అడిగారు. పెట్టేశారు కదా, ఇప్పుడు ఆ చర్చ దండగ. చిన్న యూనిట్ల వాళ్ల కోసం మాత్రం చెబుతాను. ఓడూ అనే సాఫ్ట్‌వేర్‌లో తయారీని ఒకటి, రెండు, మూడు దశల్లో పెట్టుకోవచ్చు. రెండు దశలంటే ముందు సరుకు తీసి లైన్ చోటుకు చేర్చి, తర్వాత తయారీలో ఖర్చు రాయడం. నేను పైన చెప్పిన విడదీత అదే. ముంబైలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో బ్యాక్‌ఫ్లష్‌ను బీఓఎం ప్రకారం చేయాలా, లైనుకు బదిలీ అయినంత చేయాలా అనే ఎంపిక ఉంది. రాగి లాంటివి నడిచే చోట రెండోది మేలు. అయితే మిగిలింది వెనక్కి రాయాలి, లేకపోతే మొత్తం ఖర్చయినట్టు చూపిస్తుంది. పాత శాప్‌లోని డబ్ల్యూఎం మీద ఇంకా నడుస్తున్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఎస్4 హానాలో దాన్ని వాడుకునే అనుమతి 2025 చివరితో ముగిసింది. చిన్న అవసరాలకు స్టాక్ రూమ్ మేనేజ్‌మెంట్, పెద్దవాటికి ఈడబ్ల్యూఎం.

సోమవారం పొద్దున మీ జాగాలో నేనుంటే లైన్ పక్క చోట్లన్నీ ఒక్కసారి చేతితో లెక్కపెట్టిస్తాను. గోడౌన్ మొత్తం కాదు, సప్లై ఏరియాలే. పొద్దున ఆరింటికి షిఫ్టు మొదలవకముందు ఇద్దరు మనుషులతో రెండు గంటల పని. వచ్చిన అంకెలను సిస్టమ్‌లో సరిచేసి, ఆ రోజు నుంచి రోజూ ఐదు ఐటెములు మాత్రమే తిరిగి లెక్కపెట్టిస్తాను. మొదటి ఐదింటిలో ఒకటి రాగి వైరు. కాటా తీసుకెళ్లేటప్పుడు ఖాళీ స్పూలు కూడా ఒకటి చేతిలో ఉంచుకోండి, బరువు తీసేయడం అందరూ మర్చిపోతారు.